చప్పట్లు ఆగేలోపే వీడియో!

ఎక్కడో బ్రస్సెల్స్‌లో ఓ ఇంజినీరు ప్రసంగం ముగించి వేదిక దిగుతాడు. కొన్ని గంటలు గడిచేసరికి ఆ ప్రసంగం ఇంటర్నెట్లో ఉంటుంది. భీమవరం హాస్టల్లో కుర్రాడూ, కరీంనగర్‌లో ఇంటిపట్టున ఉన్న అమ్మాయీ దాన్ని చూసేయొచ్చు. టిక్కెట్టు లేదు, వీసా లేదు. ఇంత చప్పున ఆ పని చేసిపెడుతున్నది ఏ టీవీ ఛానలో కాదు. జీతం భత్యం లేకుండా వైర్లు మోసే కొందరు మామూలు మనుషులు.

అది 1982 ఆగస్టు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ.. ఎన్‌ఎస్‌ఏలో ఒక ఉపన్యాసం ఏర్పాటైంది. మాట్లాడటానికి వచ్చినావిడ వయసు 75 ఏళ్లు. నౌకాదళంలో కెప్టెన్. పేరు గ్రేస్ హాపర్. కంప్యూటర్‌కు మనిషి భాషకు దగ్గరగా ఉండే మాటల్లో ఆదేశాలు ఇవ్వొచ్చని 1950ల్లోనే చెప్పి, నవ్వినవాళ్ల చేతే ఔననిపించిన మేధావి. బ్యాంకుల్లో దశాబ్దాలపాటు లెక్కలు చూసిన కోబాల్ భాషకు బాట వేసింది ఆవిడే. నానో సెకను అంటే ఎంతో చెప్పడానికి సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్క చేతిలో పట్టుకుని, ఆ కాస్త సమయంలో విద్యుత్తు ప్రయాణించగలిగేది ఇంత దూరమే అని చూపించడం ఆవిడకు అలవాటు. అంత చక్కగా చెప్పే మనిషి, రాబోయే కాలంలో కంప్యూటర్లు, వాటిని నడిపే మనుషులు ఎలా ఉండబోతున్నారో ఆరోజు వివరించారు.

ఉపన్యాసాన్ని శ్రద్ధగా రికార్డు చేశారు. టేపుల్ని భద్రంగా దాచారు కూడా. దాచడమే జరిగింది!

ఏళ్లు గడిచాయి. 1992లో హాపర్ కన్నుమూశారు. 2020 తర్వాత, ఆ ఉపన్యాసాన్ని బయటపెట్టమని సమాచార హక్కులాంటి అక్కడి చట్టం కింద దరఖాస్తు వెళ్లింది. టేపులున్నాయి గానీ, అంగుళం వెడల్పుండే ఆ పాతకాలపు రీళ్లను ఆడించే యంత్రం తమ దగ్గర లేదన్నది సంస్థ జవాబు. కంప్యూటర్‌ రంగంలో అంతటి ఆవిడ మాటలు వినడానికి ఓ ప్లేయరు దొరకలేదంటే ఏమనాలి? చివరికి అమెరికా జాతీయ అభిలేఖాగారం చేయి కలిపింది. 2024 ఆగస్టులో ఆ ఉపన్యాసం యూట్యూబ్‌లోకి వచ్చింది. మాట్లాడిన 42 ఏళ్లకు!

హాపర్ ఉపన్యాసం అదృష్టం చేసుకుంది కాబట్టి బతికింది. సాంకేతిక సదస్సుల్లో జరిగిన ఎన్నో వేల ప్రసంగాలకు ఆపాటి అదృష్టం కూడా పట్టలేదు. విన్నవాళ్ల జ్ఞాపకాల్లో కొన్నాళ్లు ఉండి, ఆనక పోయాయి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్‌ అనే ఇంజినీరు గంటన్నరపాటు ఒక ప్రదర్శన ఇచ్చారు. సుమారు వెయ్యి మంది ముందు మౌస్ కదిపి చూపించారు. తెరమీద అక్షరాలు దిద్దారు. కిలోమీటర్ల దూరంలో ఉన్న సహచరుడితో తెరమీదే మాట్లాడారు. దాన్ని ఎవరో ఫిల్ము తీసి ఉంచబట్టి ఈరోజుకీ చూడగలుగుతున్నాం. లేకపోతే ‘అప్పట్లోనే ఇలా చేసి చూపించారట’ అని చెప్పుకోవడమే మిగిలేది.

పెళ్లి వీడియో కాదు కదా!

మన దగ్గర పెళ్లి వీడియో సంగతి అందరికీ తెలిసిందే. ‘రేపిస్తా, ఎల్లుండిస్తా’ అంటూ వీడియో ఆయన తిప్పుతుంటాడు. పూలవాన, గుండె ఆకారాలు, సినిమా పాటలు అన్నీ జోడించి ఆయన చేతికిచ్చేసరికి ఒక్కోసారి బారసాల కూడా అయిపోతుంది. అయినా ఫర్వాలేదు. పెళ్లి వీడియో ఆలస్యమైతే విలువ తగ్గదు, ముచ్చట ఇంకాస్త పెరుగుతుంది.

సాంకేతిక ప్రసంగం అలా కాదు. అది కూరగాయల్లాంటిది. ఒక సాఫ్ట్‌వేర్‌ కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే ప్రసంగం ఏడాది తర్వాత చూస్తే, అప్పటికి ఇంకో వెర్షన్ వచ్చేసి ఉంటుంది. ఫలానా ఫోన్లో ఈ లోపం ఉంది జాగ్రత్త అని చెప్పే ప్రసంగమైతే మరీను. పైగా సదస్సు జరిగిన వారంలోనే దాని గురించి అందరూ మాట్లాడుకుంటారు. ‘ఆ ప్రసంగం విన్నావా’ అని ఒకరినొకరు అడుగుతారు. విననివాడు వెతికినప్పుడు వీడియో దొరికితే చూస్తాడు. దొరక్కపోతే మరచిపోతాడు. ఆర్నెల్ల తర్వాత వీడియో పెట్టినా అటు తిరిగి చూసేవాళ్లు కొద్దిమందే.

ఇంకో కారణం నిర్వాహకులకే బాగా తెలుసు. సదస్సు అయిపోయాక ఎవరి దారి వారిది. కెమెరా పట్టినవాడు ఊరెళ్లిపోతాడు. హార్డ్‌డిస్కు ఎవరి సంచిలో ఉందో తెలియదు. ‘తీరిగ్గా ఎడిట్ చేద్దాం’ అనుకున్న వీడియోల్లో చాలావాటికి ఆ తీరిక ఎప్పటికీ రాదు. అందుకే ఈ రంగంలో ఆరితేరినవాళ్లు ఒక్కటే పట్టుకున్నారు. హాలు ఖాళీ చేసేలోపు పని సగమైనా అయిపోవాలి! అమెరికాలో ఇలాంటి సదస్సుల్ని చిత్రీకరించే ఓ చిన్న సంస్థ ఏకంగా తన పేరునే ‘నెక్స్ట్‌ డే వీడియో’ అని పెట్టుకుంది. మర్నాటికల్లా వీడియో.. మాటిచ్చినట్టే కదా.

రెండ్రోజులు, 30 గదులు

ఈ పని పెద్ద ఎత్తున ఎలా జరుగుతుందో చూడాలంటే ఫిబ్రవరి మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌ వెళ్లాలి. ఎముకలు కొరికే చలిలో, అక్కడి ఫ్రెంచి విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ‘ఫాస్‌డెమ్’ అనే సదస్సు జరుగుతుంది. ఎవరైనా వాడుకోగలిగే, మార్చుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేవాళ్లకు అది ఏటా వచ్చే తిరునాళ్లే. 2001లో మొదలైంది. ప్రవేశ రుసుం లేదు, పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లడమే. వేలమంది వస్తారు.

శనివారం, ఆదివారం.. రెండే రోజులు. 2020లో ఆ రెండ్రోజుల్లోనే 800లకు పైగా కార్యక్రమాలు జరిగాయి. పెద్ద హాల్లో 1,400 మంది కూర్చోవచ్చుగానీ, మిగతావి మామూలు తరగతి గదులే. కిటకిటలాడిపోతుంటాయి. గది నిండగానే తలుపుమీద ‘ఖాళీ లేదు’ అని కాగితం అంటిస్తారు. ఇక లోపలున్నవాడు బయటికొస్తేనే బయటున్నవాడికి చోటు. అప్పుడు జరిగే తమాషా ఏంటంటే, అంతదూరం విమానమెక్కి వచ్చినవాళ్లు కూడా అదే గది బయట వసారాలో నేలమీద కూర్చుని, గోడకవతల జరుగుతున్న ప్రసంగాన్ని ఫోన్లో ప్రత్యక్ష ప్రసారంలో చూస్తుంటారు!

ఒక్క లెక్క వేసుకుంటే పని బరువెంతో అర్థమవుతుంది. గదులు 30 అనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున రెండు రోజులు. మొత్తం 480 గంటల వీడియో. ఒకే మనిషి రోజుకు 8 గంటలు కూర్చుని చూసినా, ఊరికే చూడటానికే 60 రోజులు పడుతుంది. ఇక కత్తిరించి, శబ్దం సరిచేసి, శీర్షిక పెట్టి అప్‌లోడ్ చేయాలంటే మళ్లీ ఏడాది సదస్సు వచ్చేస్తుంది. గంట వీడియోకు సుమారు రెండుంబావు గిగాబైట్లు వేసుకున్నా మొత్తం వెయ్యి దాటుతుంది. 30 గదులకు 30 మంది వృత్తి నిపుణులైన కెమెరామెన్‌ను పెట్టుకునే స్తోమత ఉచితంగా జరిగే సదస్సుకు ఉండదు.

మరెలా? వాళ్లు ఒక పెట్టె తయారుచేసుకున్నారు. చూడటానికి నాటుగా, ఎవరో గ్యారేజీలో బిగించినట్టు ఉండేది ఆ పెట్టె. లోపల అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌ బోర్డు, వీడియోను డిజిటల్‌గా కుదించే పరికరం, ఒక డిస్కు, నెట్‌వర్కు తీగలు తగిలించే స్విచ్చి. ప్రతి గదిలో వక్త లాప్‌టాప్‌ దగ్గర ఒకటి, కెమెరా దగ్గర ఒకటి. లాప్‌టాప్‌ నుంచి ప్రొజెక్టరుకు వెళ్లే తీగ మధ్యలో ఈ పెట్టె కూర్చుంటుంది. తెరమీద కనిపించేదంతా దానిలోనూ పడుతుంది. అవన్నీ నెట్‌వర్కు ద్వారా ఒకచోటికి చేరతాయి. అక్కడ కూర్చున్న వాలంటీర్లు ఏ గదిలో ఎప్పుడు వక్త ముఖం చూపించాలి, ఎప్పుడు తెర చూపించాలి, రెండూ పక్కపక్కన ఎప్పుడు పెట్టాలి అన్నది మీటలతో నడిపిస్తారు. గదిలో కెమెరా పక్కన ఓ మనిషుంటే చాలు. ఆ మనిషి కూడా ఆ ఉదయమే ‘నేనూ ఓ చెయ్యి వేస్తా’నని వచ్చినవాడు కావచ్చు.

కత్తెర ఎవరి చేతిలో?

480 గంటల్ని కత్తిరించేదెవరు అన్న ప్రశ్నకు వాళ్లు కనిపెట్టిన జవాబు ఇంకా బాగుంటుంది. ఆ పని వక్తకే అప్పగించారు!

ఏ గదిలో ఏ గంటకు ఎవరు మాట్లాడతారన్నది సదస్సు కార్యక్రమ పట్టికలో ముందే ఉంటుంది. కంప్యూటర్‌ ఆ పట్టిక చూసి పొడుగాటి రికార్డింగును ముక్కలు చేస్తుంది. అయితే ప్రసంగాలు పట్టికలో రాసినట్టే మొదలవ్వవు కదా. ఒకాయన మూడు నిమిషాలు ఆలస్యంగా మొదలెడతాడు. ఇంకొకాయన గంట కొట్టినా దిగడు. అందుకని ఆ ముక్క తయారవగానే వక్తకు ఒక ఈ-మెయిల్ వెళ్తుంది. ‘ఇదిగో మీ ప్రసంగం. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో చెప్పండి. శబ్దం సరిగ్గా ఉందో లేదో చూడండి’ అని. ఆయన ఆ లింకు తెరిచి, రెండు అంకెలు సరిచేసి, సరేనని మీట నొక్కితే చాలు. ముందు వక్త పేరుతో శీర్షిక దానంతటదే తగులుకుంటుంది. మాట మరీ చిన్నగా వినిపిస్తుంటే పెంచడం, పెద్దగా ఉంటే తగ్గించడం యంత్రమే చూసుకుంటుంది. తర్వాత బోలెడు కంప్యూటర్లు కలిసి రాత్రంతా వీడియోను కుదిస్తూ కూర్చుంటాయి. ఎస్‌రివ్యూ అనే ఈ సాఫ్ట్‌వేర్‌ను రాసింది అక్కడి వాలంటీరే. కావాలంటే ఇంకో సదస్సు వాళ్లు తీసుకుని వాడుకోవచ్చు. వాడుకుంటున్నారు కూడా.

పని 30 మందికో 40 మందికో కాకుండా 800 మందికి పంచడమన్నమాట. తలా ఒక చెయ్యి! కొన్ని వీడియోలు సదస్సు ఇంకా జరుగుతుండగానే వచ్చేస్తాయి.

హడావుడిలో పూలవానలు, వెనక సంగీతం లాంటివి ఉండవు. మొదలు, చివర కత్తిరించడం తప్ప మధ్యలో చెయ్యి పెట్టరు. వక్త దగ్గినా, నీళ్లు తాగినా, మాట తడబడినా అలాగే ఉంటుంది. కొంతమందికి ఇది నచ్చదు. తమ పేరు పడేది నున్నగా ఉండాలంటారు. కానీ నున్నగా చేద్దామని కూర్చుంటే ఏమవుతుందో ముందే చెప్పుకున్నాం. చూసేవాడికి కావల్సింది విషయం. గొంతు స్పష్టంగా వినబడి, తెరమీది అక్షరాలు చదవగలిగితే చాలు, మిగతావి సర్దుకుపోతాడు.

బొమ్మ పోయినా ఫర్వాలేదు..

అనుభవం ఉన్న ఏ వీడియో బృందాన్ని కదిపినా మొదట చెప్పేది మైకు గురించే. బొమ్మ మసగ్గా ఉన్నా మాట వినిపిస్తే ఆ ప్రసంగం పనికొస్తుంది. మాట వినిపించకపోతే ఎంత అందమైన బొమ్మయినా దండగ. అదేం చిత్రమో గానీ, తప్పులన్నీ ఎక్కువగా అక్కడే జరుగుతాయి. మైకు పెట్టుకుంటారు, స్విచ్చి వేయరు. కాలరుకు తగిలించిన మైకు మెడలో గొలుసుకో, సదస్సు వాళ్లిచ్చిన గుర్తింపు కార్డుకో రాసుకుని, ప్రసంగం పొడుగునా గరగరలు. బ్యాటరీ సరిగ్గా ముఖ్యమైన మాట దగ్గరే అయిపోతుంది. ప్రేక్షకుల్లో ఎవరో లేచి మంచి ప్రశ్న అడుగుతారు, చేతిలో మైకుండదు. వక్త ‘అవును’ అంటాడు. దేనికి అవునన్నాడో వీడియో చూసేవాడికి ఎన్నటికీ తెలియదు. జవాబు చెప్పేముందు ప్రశ్నను మీ నోటితో ఒకసారి మళ్లీ చెప్పండి బాబూ అని ప్రతి సదస్సులో వక్తల్ని బతిమాలుకునేది అందుకే.

తెర సంగతి ఇంకో కథ. ప్రొజెక్టరు తెరను కెమెరాతో తీస్తే వెలుతురుకు అక్షరాలు అలుక్కుపోతాయి. వక్త ముఖం చీకట్లో కలిసిపోతుంది. అందుకే లాప్‌టాప్‌ నుంచి వచ్చే తీగనే పట్టుకోవాలి. అక్కడో మెలిక ఉంది. సినిమాలు దొంగతనంగా కాపీ చేయకుండా ఉండాలని హెచ్‌డీఎంఐ తీగలో వెళ్లే బొమ్మకు తాళం వేసే పద్ధతి ఒకటుంది. కొన్ని లాప్‌టాప్‌లు సినిమా ఉన్నా లేకున్నా ఆ తాళం వేసేస్తాయి. అప్పుడు రికార్డు చేసే పరికరానికి వచ్చేది నల్లటి తెర! తన సొంత స్లయిడ్లను తను పంచుకోవడానికి వక్తకు అభ్యంతరం లేదు, సదస్సుకూ లేదు. లాప్‌టాప్‌కు ఉంది. మూడు నిమిషాల్లో మొదలవ్వాల్సిన ప్రసంగానికి ముందు, చెమటలు కక్కుతూ తీగలు మార్చి మార్చి పెట్టే వాలంటీరు అవస్థ చూసి తీరాలి.

ఈ తిప్పలు పడలేకే ఆస్ట్రేలియాకు చెందిన ఓ ఇంజినీరు, ఆయన మిత్రులు కలిసి సదస్సుల రికార్డింగు కోసమే ఓ సర్క్యూట్‌ బోర్డు రూపొందించారు. పేరు ఓప్సిస్. 2015లో జనం దగ్గర చందాలు పోగుచేసి తయారుచేయించారు. తయారుచేసింది ఎవరో కాదు, మన బెంగళూరులోని న్యుమాటో అనే చిన్న కంపెనీ. ఆ బోర్డులు డెబియన్ వాళ్ల సదస్సుల్లాంటి చోట పనిచేశాయి.

డెబియన్ అంటే ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని తయారుచేసేవాళ్లు ఏటా ఒక్కో దేశంలో కలుస్తారు. 2023 సెప్టెంబరులో మన పక్కనే కేరళలోని కొచ్చిలో కలిశారు. అక్కడ వీడియో బృందంలో చేరడానికి అర్హత ఒక్కటే.. చేరతాననడం. ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, ఒకరు ఏ దృశ్యం చూపాలో నిర్ణయించే దర్శకుడు, ఒకరు వక్తను పరిచయం చేసి సమయం గుర్తుచేసేవారు. పొద్దున వేదికమీద గంభీరంగా మాట్లాడిన పెద్దమనిషే, మధ్యాహ్నం ఇంకొకరి ప్రసంగానికి కెమెరా వెనక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడి కనిపిస్తాడు.

దేవదూతల కెమెరాలు

జర్మనీ వాళ్లు ఈ వాలంటీర్లకు మంచి పేరు పెట్టారు. ‘ఏంజెల్స్’.. దేవదూతలు! క్రిస్మస్ వెళ్లి కొత్త సంవత్సరం వచ్చేలోపు ఏటా డిసెంబరు 27 నుంచి 30 దాకా కయోస్ కంప్యూటర్ క్లబ్ అనే సంస్థ సదస్సు జరుపుతుంది. కంప్యూటర్ల భద్రతలో లొసుగులు వెతికేవాళ్లంతా అక్కడ చేరతారు. 2019లో లైప్‌జిగ్‌లో జరిగినప్పుడు వచ్చినవాళ్లు దాదాపు 17,000 మంది. కెమెరా దేవదూతలు, అనువాద దేవదూతలు, ఉపశీర్షికల దేవదూతలు.. ఎవరి పని వారిది. జర్మన్ ప్రసంగాన్ని అప్పటికప్పుడే ఇంగ్లిషులోకి మార్చి చెబుతుంటారు, అది కూడా వీడియోతోపాటు రికార్డవుతుంది. దేవదూతలకు పని పంచే కార్యాలయం పేరేమిటో ఊహించొచ్చు.. ‘హెవెన్’, అంటే స్వర్గం. జీతముండదు. కొన్ని గంటలు పనిచేసినవారికి ఓ టీషర్టు, వేడి వేడి భోజనం.

అక్కడ 2014లో జరిగిన ప్రసంగాల్లో ఒకటి ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ సంబంధించింది. ప్రపంచంలోని టెలిఫోన్ కంపెనీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే పాత పద్ధతిలో లోపాలున్నాయని, వాటితో కేవలం నంబరు తెలిస్తే చాలు మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టవచ్చని వేదికమీదే వివరించారు. ఆ సంగతి ఆ హాలు గోడల మధ్యే ఉండిపోయి ఉంటే బాగుపడేది ఎవరు? తెలిసిన ఆ కొద్దిమందే. వీడియో బయటికొస్తే కంపెనీలమీద ఒత్తిడి పెరుగుతుంది, మామూలు మనిషి జాగ్రత్తపడతాడు.

2019 ప్రసంగం ఒకటి మనవాళ్లకు మరీ నచ్చుతుంది. డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్‌ శాస్త్రవేత్త ఏడాదిపాటు జర్మనీ రైళ్ల రాకపోకల సమాచారమంతా సేకరించి, అవి ఎంతెంత ఆలస్యంగా నడుస్తున్నాయో లెక్కలు కట్టి చెప్పారు. దారిలో రద్దయిన రైలు ఆలస్యాల లెక్కలోకి రానే రాదన్న రహస్యం విప్పినప్పుడు హాలంతా ఒకటే నవ్వులు. జర్మన్‌లో సాగిన ఆ గంట ప్రసంగాన్ని హాల్లో చూసినవాళ్లు వేలల్లో ఉంటే, వీడియోలో చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. రైలు లేటయితే ఏ దేశంలోనైనా అంతే మరి!

చూపిస్తే టిక్కెట్లు పోతాయా?

అన్నీ ఇలా వెంటనే పంచేవాళ్లే ఉన్నారనుకుంటే పొరపాటు. వీడియో ఊరికే దొరికితే వేలు పోసి టిక్కెట్టు కొని ఎవరొస్తారన్న భయం చాలామంది నిర్వాహకులకు ఉండేది. ఇప్పటికీ కొందరికుంది. నెలలపాటు దాచి, వారానికొకటి చొప్పున బొట్లుబొట్లుగా వదిలేవాళ్లున్నారు. డబ్బులిచ్చినవాళ్లకే చూపించేవాళ్లున్నారు. వాళ్ల బాధలోనూ న్యాయం లేకపోలేదు. హాలు అద్దె, భోజనాలు, వక్తల ప్రయాణాలు.. టిక్కెట్ల మీదే నడవాలి.

అయితే జరిగింది చూస్తే భయపడినంత లేదు. ‘టెడ్’ సదస్సు ఒకప్పుడు వేల డాలర్లు కట్టి, ఆహ్వానం ఉన్నవాళ్లు మాత్రమే వెళ్లే విందులాంటిది. 2006 జూన్‌లో ఆరు ప్రసంగాలను ఉచితంగా ఇంటర్నెట్లో పెట్టారు. 2012 నాటికి వాటి వీక్షణలు వంద కోట్లు దాటాయి. టెడ్‌కు వెళ్లాలన్న మోజు తగ్గలేదు సరికదా, ఆ పేరు ప్రపంచానికంతా తెలిసింది. యాపిల్ కథ ఇంకోటి. సాఫ్ట్‌వేర్‌ తయారుచేసేవాళ్ల కోసం ఆ కంపెనీ ఏటా జరిపే సదస్సు వీడియోలు ఒకప్పుడు సభ ముగిశాక ఎప్పటికో వచ్చేవి. 2013లో సభ జరుగుతుండగానే పెట్టేస్తామని ప్రకటించింది. ఆ ఏడాది టిక్కెట్టు 1,599 డాలర్లు. వీడియోలు ఊరికే వస్తాయని తెలిసినా అవి అమ్ముడైపోవడానికి పట్టిన సమయం.. రెండు నిమిషాల లోపే!

ఎందుకంటే సదస్సుకు వెళ్లేది ప్రసంగం వినడానికి మాత్రమే కాదు. టీ తాగుతూ పక్కవాడితో మాట్లాడితే ఉద్యోగం దొరకొచ్చు, ఆర్నెల్లుగా తేలని చిక్కు విడిపోవచ్చు. దాన్ని ఏ పెట్టె రికార్డు చేయలేదు. 2021, 2022లో కరోనా వల్ల ఫాస్‌డెమ్ పూర్తిగా ఆన్‌లైన్లో జరిగింది. వక్తల చేత ముందే మాట్లాడించి రికార్డు చేసుకున్నారు. మళ్లీ 2023లో తలుపులు తెరవగానే గదుల ముందు ఎప్పట్లాగే ‘ఖాళీ లేదు’ కాగితాలు వెలిశాయి.

హాల్లో కూర్చోలేని వాళ్లకు

అసలు ఈ వీడియోలు ఎవరికి ప్రాణం? హాల్లోకి రాలేనివాళ్లకు. హైదరాబాద్ నుంచి బ్రస్సెల్స్ వెళ్లాలంటే విమాన టిక్కెట్టు, షెంజెన్ వీసా, బస.. సదస్సు ఉచితమైనా మిగతాది లక్షకు పైమాటే. చంటిపిల్లాడున్న తల్లి, సెలవు దొరకని ఉద్యోగి, జిల్లా కేంద్రంలో ఇంజినీరింగ్ చదివే విద్యార్థి.. వీళ్లెవరికీ అది కుదిరే పని కాదు. దేశంలోనే జరిగినా అంతే. 2018 అక్టోబరులో పైథాన్ భాష వాడేవాళ్ల జాతీయ సదస్సు పైకాన్ ఇండియా హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో జరిగింది. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకు అది ఆటో దూరం. శ్రీకాకుళంలో ఉన్నవాళ్లకు రాత్రంతా రైలు. ఆ ప్రసంగాలూ యూట్యూబ్‌లో ఉన్నాయి కాబట్టి ఆ దూరం కొంత తగ్గింది.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లకు ఇంకో మేలుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. హాల్లో వక్త గడగడా ఇంగ్లిషు మాట్లాడుతుంటే సగం అందదు. అందలేదని చెయ్యెత్తి అడగాలంటే సిగ్గు. వీడియోకు ఆ బాధ లేదు. ఆపొచ్చు, వెనక్కి జరపొచ్చు, వేగం తగ్గించొచ్చు, కింద అక్షరాలు పెట్టుకుని చదువుకోవచ్చు. ఒక్క వాక్యం పదిసార్లు విన్నా విసుక్కునేవాడు ఉండడు. ఫ్రాన్సు ఇంజినీరు ఇంగ్లిషూ, జపాన్ ఇంజినీరు ఇంగ్లిషూ అలా వినీ వినీ అలవాటైపోతుంది. రేపు ఆఫీసులో అలాంటి వాళ్లతోనే ఫోన్లో మాట్లాడాల్సినవాళ్లకు ఇంతకంటే మంచి శిక్షణ ఏముంటుంది?

వద్దనే హక్కు కూడా ఉంది

ఇందులో ఇబ్బందులు లేవని కాదు. కొత్తగా మాట్లాడేవాళ్లకు కెమెరా అంటేనే వణుకు. వందమంది ముందు తడబడితే వాళ్లు మరచిపోతారు. ఇంటర్నెట్ మరచిపోదు. ముఖ్యంగా అమ్మాయిలు మాట్లాడితే, విషయం వదిలేసి చీర గురించో జుట్టు గురించో వీడియో కింద రాసే మహానుభావులకు కొదవలేదు. ఆఫీసు రహస్యం పొరపాటున తెరమీద పడితే, ఎంత త్వరగా వీడియో వస్తే అంత త్వరగా కొంప మునుగుతుంది. అందుకే ఫాస్‌డెమ్‌లో ఇక్కడ మాట్లాడితే రికార్డు చేస్తామని ముందే చెప్పేస్తారు. జర్మనీ సదస్సులో తమ ప్రసంగం రికార్డు చేయొద్దని వక్త కోరవచ్చు. ప్రేక్షకుల ముఖాలు పడకుండా జాగ్రత్తపడటం అక్కడ పెద్ద మర్యాద.

పెట్టిన వీడియో ఎన్నాళ్లుంటుందన్నది ఇంకో దిగులు. యూట్యూబ్‌లో మొదట్లో మామూలు ఖాతాదారులకు పది నిమిషాల పరిమితి ఉండేది. గంట ప్రసంగాన్ని ముక్కలు చేసి పెట్టలేక చాలా సదస్సులు గూగుల్ వీడియో, బ్లిప్ టీవీ లాంటి చోట్లకు వెళ్లాయి. గూగుల్ వీడియో 2012లో, బ్లిప్ టీవీ 2015లో మూతపడ్డాయి. ముందుగా మేలుకుని కాపీ చేసుకున్నవాళ్ల వీడియోలు దక్కాయి. మిగతావాటి లింకులు నొక్కితే ఏమీ రాదు. ఆ దెబ్బ చూశాకే డెబియన్ వాళ్లలాగా సొంత సర్వర్లలో ఒక ప్రతి దాచుకునే అలవాటు పెరిగింది. 1982 నాటి రీలు టేపుకు ప్లేయరు దొరకనట్టే, ఇప్పటి ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేరు 2060లో ఉంటుందో లేదో! అందుకే లోపలి వివరాలన్నీ బహిరంగంగా ఉండే ఫార్మాట్లలోనే దాచాలని వీళ్లు పట్టుబడతారు.

ఆదివారం సాయంత్రం ఆరయ్యేసరికి బ్రస్సెల్స్ గదులు ఖాళీ అవుతాయి. వాలంటీర్లు నేలమీద అంటించిన టేపులు పీకుతూ, మీటర్లకొద్దీ తీగలు మోచేతికి చుట్టుకుంటూ, పెట్టెలు లెక్కపెట్టి సర్దుతుంటారు. చెత్త కూడా వాళ్లే ఎత్తుతారు. మరోపక్క కంప్యూటర్లు ఒక్కో ప్రసంగాన్నీ కత్తిరించి వక్తలకు ఈ-మెయిళ్లు పంపుతూనే ఉంటాయి. ఇంత యంత్రాంగంలో అన్నింటికన్నా నెమ్మదిగా నడిచేది ఏమిటో తెలుసా? తన గొంతు తనే వినడానికి మొహమాటపడి, ఆ మెయిల్ తెరవకుండా రేపు చూద్దాంలే అనుకునే వక్త. రెండు వారాలైనా జవాబు రాకపోతే ఆ బృందంలో ఎవరో ఒకరు రాత్రి భోంచేశాక కూర్చుని, ఆయన తరఫున ఆ రెండు అంకెలు సరిచేసి, సరేనని మీట నొక్కుతారు.